కట్టు.. కొలువుకు మెట్టు కాదు

తెల్లవారుజామున ఐదింటికి ఏ జిల్లా కేంద్రంలోని గ్రౌండ్‌కైనా వెళ్లి చూడండి. పోలీసు కొలువుకో, కేంద్ర బలగాలకో, రైల్వే ఉద్యోగానికో సిద్ధమవుతున్న వాళ్లు చీకట్లోనే రౌండ్లు కొడుతుంటారు. ఒకసారి వాళ్ల మోకాళ్ల వైపు చూడండి. ఎవరో ఒకరి కాలికి లేత గోధుమరంగు క్రేప్ బ్యాండేజ్ కనిపించి తీరుతుంది. ‘ఏమైంది తమ్ముడూ?’ అని అడిగితే వచ్చే జవాబు కూడా దాదాపు ఒకటే. ‘ఏం లేదన్నా, నరం పట్టేసింది. గట్టిగా కట్టుకుంటే సరిపోతది.’

2022లో నేనూ ఇదే జవాబు చెప్పాను. బీటెక్ అయ్యాక తెలంగాణలో ఎస్‌ఐ పోస్టుకు దరఖాస్తు చేశాను. ఏప్రిల్‌లో నోటిఫికేషన్, ఆగస్టులో ప్రిలిమ్స్. పరీక్ష అయ్యేదాకా పుస్తకం వదల్లేదు, గ్రౌండ్ ముఖం చూడలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా రోజుకు ఐదు కిలోమీటర్ల పరుగు, దాని మీద లాంగ్‌జంప్. మూడో వారానికి కుడి మోకాలిచిప్ప కింద నొప్పి మొదలైంది. మెడికల్ షాపుకెళ్లి ఒక క్రేప్ బ్యాండేజ్, ఒక పెయిన్ స్ప్రే తెచ్చుకున్నాను. డిసెంబర్‌లో ఈవెంట్స్ అయ్యేదాకా నా వైద్యం అంతే. 1600 మీటర్లు ఎలాగో 7 నిమిషాల 15 సెకన్లలోపు పూర్తి చేశాను. లాంగ్‌జంప్‌లో 4 మీటర్లు దూకాలి. దూకేటప్పుడు నేలను తన్నాల్సింది ఆ కుడి కాలితోనే. మూడు ఛాన్సులూ పోయాయి. ‘ఎంతలో పోయిందిరా?’ అని నాన్న అడిగితే, ‘జానెడు’ అన్నాను.

ఆ జానెడు గురించే ఈ వ్యాసం. తప్పు కట్టుది కాదు. దాన్ని నేను వైద్యం అనుకోవడమే తప్పు. మోకాలి టెండన్ దెబ్బతిన్నప్పుడు కట్టు కొంత ఊరట ఇవ్వగలదు, అంతే. దాన్ని బాగుచేసేది కొలత ప్రకారం పెంచుకుంటూ పోయే వ్యాయామం, దానికి పట్టే వారాలు. ఈ సంగతి ముందే తెలిసినవాళ్లకు ఒక ఉద్యోగం మిగులుతుంది. ఆలస్యంగా తెలిసినవాళ్లకు నాలాగా ఒక కథ మిగులుతుంది.

నరం కాదు, టెండన్

మన దగ్గర కాలు ఎక్కడ నొప్పెట్టినా ‘నరం’ అనేస్తాం. చిప్ప కింద వచ్చే ఈ నొప్పికి నరంతో సంబంధం లేదు. తొడ ముందు భాగంలో ఉన్న పెద్ద కండరం మోకాలిచిప్పను పట్టుకుని ఉంటుంది. ఆ చిప్ప నుంచి కిందికి, కాలి ముందు ఎముక దాకా ఒక గట్టి తాడులాంటిది ఉంటుంది. అదే పటెల్లార్ టెండన్. పరిగెత్తినా, దూకినా, మెట్లు దిగినా తొడ కండరం పుట్టించే బలమంతా ఈ తాడు గుండానే కాలికి చేరుతుంది. దూకే ఆటల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి 1973లో అమెరికా వైద్యులు దీనికి ‘జంపర్స్ నీ’ అని పేరు పెట్టారు.

గుర్తుపట్టడం మరీ కష్టమేం కాదు. నొప్పి ఎక్కడ అంటే ఒక్క వేలితో చూపించగలుగుతారు, చిప్ప కింది కొనకు సరిగ్గా ఆనుకుని. లైబ్రరీలో రెండు గంటలు కూర్చుని లేచినప్పుడు పట్టేసినట్టుంటుంది. మెట్లు దిగేటప్పుడు గుచ్చుతుంది. మొదటి రౌండ్‌లో నొప్పి ఉంటుంది, ఒళ్లు వేడెక్కాక తగ్గిపోతుంది, మర్నాడు పొద్దున మళ్లీ వస్తుంది. మనల్ని మోసం చేసేది ఆ మధ్యలో తగ్గడమే. ‘పరిగెడితే పోతోంది కదా’ అనుకుని ఇంకో రెండు రౌండ్లు కలుపుతాం.

టెండన్ బలహీనమైనదేమీ కాదు. పోటీలో బరువెత్తుతుండగా ఒక వెయిట్‌లిఫ్టర్‌కు ఇదే టెండన్ తెగిపోయింది. ఆ దృశ్యాలను విశ్లేషించిన పరిశోధకులు 1977లో లెక్కగడితే, ఆ క్షణంలో దాని మీద పడిన బలం అతని శరీర బరువుకు దాదాపు 17.5 రెట్లు. అంతటి గట్టి తాడు మన ఐదు కిలోమీటర్లకు ఎందుకు మొరాయిస్తుంది? దానికి వేగంగా మారడం రాదు కాబట్టి. కండరానికి రక్త సరఫరా ఎక్కువ, కొద్ది వారాల్లో పుంజుకుంటుంది. టెండన్‌కు రక్త సరఫరా తక్కువ, దాని మార్పు నెలల లెక్క. మూడు వారాల్లో మీ ఊపిరి, మీ తొడలు ‘రెడీ’ అంటాయి. టెండన్ మాత్రం ఇంకా మొదటి వారంలోనే ఉంటుంది. పాడయ్యేది ఒక్క దూకుడుతో కాదు. కోలుకునే టైమ్ ఇవ్వకుండా రోజూ పెట్టే బరువుతో.

కట్టు చేసేది, చేయలేనిది

గాయం అనగానే మనకు గుర్తొచ్చే సూత్రం ‘రైస్’. రెస్ట్, ఐస్, కంప్రెషన్, ఎలివేషన్. అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ 1978లో తన పుస్తకంలో చెప్పిన మాట ఇది. చీలమండ మడతపడి వాచినప్పుడు కట్టు వాపును అదుపు చేస్తుంది. అందుకే అందులో కంప్రెషన్ ఉంది. అదే మిర్కిన్ 2014లో తన మాట సవరించుకున్నారు. ఐసు, పూర్తి విశ్రాంతి గాయం మానడాన్ని ఆలస్యం చేయొచ్చన్నారు. 2019లో కెనడా ఫిజియోథెరపిస్టులు ఇద్దరు ‘పీస్ అండ్ లవ్’ అని కొత్త సూత్రం రాశారు. అందులోనూ కంప్రెషన్ ఉంది, కానీ తొలి రోజులకే. ఆ తర్వాత భాగమంతా మెల్లగా బరువు పెంచడం, వ్యాయామం చేయడం గురించే.

మన గ్రౌండ్లు ఇంకా 1978 దగ్గరే ఉన్నాయి. అందులోనూ సగమే తీసుకున్నాం. రెస్ట్‌ను పక్కన పెట్టి కంప్రెషన్ ఒక్కటే ఉంచుకున్నాం.

చిప్ప కింది టెండన్ నొప్పిలో అసలు సమస్య వాపు కాదు. లోపలి కొల్లాజెన్ పోగుల అమరిక దెబ్బతినడం. బయట చుట్టిన గుడ్డ దాన్ని సరిచేయలేదు. పోనీ భారం పంచుకుంటుందా అంటే, దూకి దిగినప్పుడు బలం తొడ కండరం నుంచి టెండన్ గుండా లోపలే వెళుతుంది. సాగే బట్టకు అందులో చెప్పుకోదగ్గ వాటా ఏమీ లేదు. మరి కట్టుకుంటే హాయిగా ఎందుకుంటుంది? మోకాలు వెచ్చగా ఉంటుంది. చర్మం మీద ఒత్తిడి వల్ల కాలు ఎలా కదులుతోందో మెదడుకు కాస్త స్పష్టంగా తెలుస్తుంది. ధైర్యం వస్తుంది. ఆ ఊరట అబద్ధం కాదు. నడవడానికి, బస్సెక్కడానికి అది పనికొస్తే వాడుకోండి. కానీ ఆ ఊరటను చూపించి మీకు మీరే ‘ఇంకో ఐదు రౌండ్లు’ అని పర్మిషన్ ఇచ్చుకుంటున్నారు చూశారా, నష్టం అక్కడే. సర్వర్‌లో ఎర్రర్ వస్తుంటే అలర్ట్‌ను మ్యూట్ చేసి ఇంటికెళ్లిపోయే ఉద్యోగిని ఏ కంపెనీ భరిస్తుంది? నేను నా మోకాలికి మూడు నెలలు చేసింది అదే.

మనకు కట్టు మీద ఉన్న నమ్మకానికి మూలం ఉంది. పుత్తూరు కట్టు పేరు వినని ఇల్లు ఆంధ్రలో అరుదు. ఎముక విరిగితే కదలకుండా కట్టి ఉంచాలన్నది అందరికీ తెలిసిందే. కానీ టెండన్ తీరు వేరు. కదలకుండా ఉంచితే ఇంకా బలహీనపడుతుంది. ఇష్టమొచ్చినట్టు కదిలిస్తే ఇంకా పాడవుతుంది. దానికి కావలసింది కొలిచి ఇచ్చే పని. నెల రోజులు పూర్తిగా మంచం ఎక్కి, నొప్పి పోయిందని మళ్లీ గ్రౌండ్‌కెళ్లిన వాళ్లకు వారంలో నొప్పి తిరగబెట్టేది అందుకే.

కట్టుకోవాల్సి వస్తే ఇలా

అయినా కట్టుకుంటారు, తెలుసు. కనీసం సరిగ్గా కట్టుకోండి. మోకాలు కొద్దిగా వంచి, చిప్ప కింద నుంచి మొదలుపెట్టి పైకి చుట్టాలి. ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పాలి. బట్టను చివరికంటా లాగి బిగించకూడదు. కట్టాక బొటనవేలి గోరు నొక్కి వదలండి. రెండు సెకన్లలో రంగు తిరిగి రాకపోయినా, పాదం చల్లబడినా, తిమ్మిరెక్కినా, నీలంగా మారినా వెంటనే విప్పేయాలి. మోకాలి బయటి వైపు, కాస్త కింద ఎముక బొడిపెలా తగులుతుంది కదా, దాని పక్కనే చర్మానికి దగ్గరగా ఒక నరం పోతుంది. అక్కడ గట్టిగా బిగిస్తే పాదం పైకి ఎత్తలేని పరిస్థితి రావచ్చు. ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా ‘నరం పట్టేసే’ అవకాశం ఉన్నది అక్కడే. నిద్రపోయేటప్పుడు కట్టు తీసేయండి. షుగర్ ఉన్నవాళ్లు, కాళ్లలో రక్తప్రసరణ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా కట్టుకోవద్దు.

గోడకుర్చీయే మందు

బడిలో హోంవర్క్ చేయకపోతే సార్లు గోడకుర్చీ వేయించేవారు గుర్తుందా? టెండన్ వైద్యం తరచూ అలాంటి దాంతోనే మొదలవుతుంది. గోడకు వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు 45 సెకన్లు ఆగడం. రెండు నిమిషాలు విరామం. ఇలా ఐదుసార్లు. కదలిక లేకుండా కండరాన్ని బిగించే ఈ పద్ధతి కొందరికి వెంటనే నొప్పి తగ్గిస్తుంది. అందరికీ అలా తగ్గకపోవచ్చు, కానీ మొదలుపెట్టడానికి ఇది మంచి చోటు. మోకాలు ఎంత వంచాలన్నది నొప్పిని బట్టే. మొదట్లో తక్కువ వంచండి.

రెండో దశ నెమ్మదిగా, బరువుగా చేసే స్క్వాట్లు. డెన్మార్క్ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో పద్ధతి ఇదీ: వారానికి మూడు రోజులు, 12 వారాలు. దిగడానికి మూడు సెకన్లు, లేవడానికి మూడు సెకన్లు. మొదట 15 సార్లు చేయగలిగేంత బరువుతో మొదలుపెట్టి, వారాలు గడిచేకొద్దీ బరువు పెంచుతూ, 6 సార్లు మాత్రమే చేయగలిగేంత బరువుకు చేరడం. జిమ్ లేదా? కాంపిటీటివ్ గైడ్లు నింపిన బ్యాగు మొదటి వారాలకు చాలు. పుస్తకాల బరువు ఇలా కూడా పనికొస్తుంది. తర్వాత మాత్రం నిజమైన బరువులు కావాలి.

మూడో దశ పరుగు, చివరి దశ జంప్. పరుగు రోజు విడిచి రోజు. దూకడం మూడు రోజులకోసారి. ఈ వరుస మార్చొద్దు. అందరం తప్పు చేసేది లాంగ్‌జంప్‌ను ముందుకు తెచ్చుకోవడంలోనే.

ప్రతి దశలోనూ కొలబద్ద ఒకటే. నొప్పికి పదికి మార్కులు వేయండి. వ్యాయామంలో 3 దాటకూడదు. మర్నాడు పొద్దున ఒక మెట్టు దిగి చూసుకోండి. నిన్నటికంటే నొప్పి ఎక్కువుంటే, నిన్న చేసింది ఎక్కువైందని అర్థం. రోజూ ఆ మార్కును ఫోన్‌లో రాసుకోండి. మాక్ టెస్టు మార్కులు రాసుకునే మనకు ఇది కొత్త కాదు. ఆ వారాల్లో షాట్‌పుట్‌కు చేతులు, భుజాలు సిద్ధం చేసుకోవచ్చు. నొప్పి రాకపోతే సైకిల్ తొక్కి దమ్ము నిలుపుకోవచ్చు. చదువు ఎలాగూ ఆగదు.

నేను డాక్టర్‌ను కాను. వీలుంటే ఒక్కసారైనా ఫిజియోథెరపిస్టును కలిసి మీ మోకాలికి సరిపోయే కొలత రాయించుకోండి. చాలా ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగం ఉంటుంది. ఓపీ చీటీకి అయ్యే ఖర్చు రెండు మూడు క్రేప్ బ్యాండేజ్‌ల కంటే ఎక్కువ కాదు.

దొడ్డిదారులు వద్దు

ఈవెంట్స్ దగ్గరపడగానే గ్రౌండ్‌లో మూడు రకాల సలహాలు తిరుగుతుంటాయి. మొదటిది, మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్. ఆ 2009 అధ్యయనంలోనే దీన్నీ పోల్చి చూశారు. కొన్ని వారాలు బాగానే ఉన్నా, ఆరు నెలలకు ఫలితం నిలబడలేదు. పైగా టెండన్ తెగే ముప్పు ఉంది. రెండోది, పరుగుకు ముందు పెయిన్ కిల్లర్. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు.

మూడోది సలహా కూడా కాదు, మన అలవాటు. జ్వరం వచ్చినా, విరేచనాలైనా మెడికల్ షాపులో అడిగి ఓఫ్లోక్సాసిన్, సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్ వేసేసుకుంటాం. ఈ రకం యాంటీబయోటిక్స్ వల్ల టెండన్లు దెబ్బతినొచ్చని, తెగిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. అవసరమైతే డాక్టర్ రాస్తారు. కానీ ‘రోజూ పరిగెడుతున్నాను సార్’ అన్న ఒక్క మాట వారికి చెప్పండి.

కొన్ని సందర్భాల్లో ఈ వ్యాసం కూడా పక్కన పెట్టేయాలి. దూకినప్పుడు ‘టప్’మని శబ్దం వచ్చి కాలు నిటారుగా ఎత్తలేకపోతే టెండన్ తెగి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, ఆలస్యమైతే సర్జరీ కష్టమవుతుంది. దెబ్బ తగిలిన కొన్ని గంటల్లోనే మోకాలు బాగా ఉబ్బినా, మధ్యలో ఇరుక్కుపోయినట్టు లాక్ అయినా, నడుస్తుంటే జారిపోతున్నట్టున్నా అది లిగమెంట్ లేదా మెనిస్కస్ వ్యవహారం కావచ్చు. జ్వరంతో పాటు మోకాలు ఎర్రబడి వాచినా ఆగకండి. వీటికి కట్టు కట్టి రెండు రోజులు చూద్దాం అనుకోవద్దు.

నోటిఫికేషన్ కంటే ముందే

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో అబ్బాయిలకు 1600 మీటర్ల పరుగు, 4 మీటర్ల లాంగ్‌జంప్, 7.26 కిలోల గుండుతో 6 మీటర్ల షాట్‌పుట్. అమ్మాయిలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, లాంగ్‌జంప్ 2.5 మీటర్లు, 4 కిలోల గుండుతో 4 మీటర్లు. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ కొలతల్లో అబ్బాయిలకు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, 100 మీటర్లు 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 3.80 మీటర్లు. ఎస్‌ఎస్‌సీ జీడీకి 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో. రైల్వే లెవెల్-1కు 35 కిలోల బరువుతో 100 మీటర్లు, ఆపైన 1000 మీటర్ల పరుగు. నోటిఫికేషన్‌ను బట్టి మారొచ్చు, మీది మీరు చూసుకోండి. కానీ ఒకటి గమనించండి. ఇవేవీ అసాధ్యమైన కొలతలు కావు. నాలుగైదు నెలల ముందు నుంచి రోజు విడిచి రోజు మెల్లగా పెంచుకుంటూ వెళితే సాధారణ ఆరోగ్యం ఉన్న చాలామందికి అందుతాయి. మూడు వారాల్లో అందుకోవాలనుకుంటేనే మోకాలు అడ్డం తిరుగుతుంది.

నాకు ప్రిలిమ్స్‌కూ ఈవెంట్స్‌కూ మధ్య మూడు నెలల పైనే టైమ్ ఉంది. నొప్పి మొదలైన రోజు నుంచి లెక్కేసినా 12 వారాల వ్యాయామం దాదాపు పూర్తయ్యేది. ఆ వారాలన్నీ నేను కట్టు విప్పుతూ, కట్టుకుంటూ గడిపాను. అందుకే కొత్తగా సిద్ధమవుతున్న వాళ్లకు చెప్పేదొక్కటే: నోటిఫికేషన్ కోసం ఆగకండి. సిలబస్ తెరిచిన రోజే గోడకుర్చీ కూడా మొదలుపెట్టండి.

కోచింగ్ సెంటర్లకూ ఒక మాట. రాత పరీక్షకు వారం వారం టెస్టులు పెడతారు, ర్యాంకులు గోడకు అంటిస్తారు. గ్రౌండ్ విషయానికొస్తే ‘పొద్దున్నే వచ్చి రౌండ్లు కొట్టండి’ అన్న మాటతో సరిపెడతారు. ఒక బ్యాచ్‌కు నెలకోసారి ఫిజియోథెరపిస్టును పిలిపించడం వాళ్లకు పెద్ద ఖర్చు కాదు. నొప్పి ఉందని చెప్పినవాణ్ని ‘దమ్ము లేదు’ అని వెక్కిరించడం మానడానికి అసలు ఖర్చే లేదు. అమ్మాయిలైతే ఆ వెక్కిరింపుకు భయపడి, ఇంట్లో తెలిస్తే మాన్పించేస్తారని భయపడి ఇంకా ఎక్కువగా దాచుకుంటారు. చెల్లీ, దాచొద్దు. మొదటి వారంలో చెప్పిన నొప్పికి కొన్ని రోజులు పరుగు తగ్గిస్తే సరిపోవచ్చు. మూడో నెలలో చెప్పిన నొప్పికి ఏకంగా ఒక నోటిఫికేషన్ పోవచ్చు.

రేపు పొద్దున గ్రౌండ్‌కెళ్లే ముందు కట్టు కోసం చెయ్యి చాపితే ఒక్క క్షణం ఆగండి. ఈ కట్టు నేను ఎందుకు కట్టుకుంటున్నాను? బస్టాండ్ దాకా నడవడానికా, నొప్పి వినపడకుండా పరిగెత్తడానికా? రెండోదైతే దాన్ని బ్యాగులోనే ఉంచి, గోడ దగ్గరికి వెళ్లండి. 45 సెకన్లు.